కరిగించని మేటరు

అమెరికా వచ్చిన తెలుగువాళ్లు ఇళ్లు కొన్నారు, మోటెళ్లు కొన్నారు, ముందుచూపున్నవాళ్లు ఊరి బయట ఖాళీ స్థలాలు కొన్నారు. నేను ఒక నార్వే ముసలాయన్ని కొన్నాను. ఇలాంటి బేరం చేసిన తెలుగువాడు నాకు ముందు లేడు, తరవాత పుట్టినట్టు కూడా వినలేదు. ఈ విషయంలో నన్ను మించినవాణ్ణి ఎవరైనా చూపిస్తే వాడికి నా చేత్తో కాఫీ కలిపి ఇస్తాను.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మా గరాజ్ తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టే సీసపు కట్ట ఒకటి ఉంది. నిన్న మా ఆవిడ అక్కడ ఊడుస్తూ, "ఏవండీ, ఈ దారం చివికిపోయింది. ఊడి కాలి మీద పడక ముందే కొత్తది కట్టండి," అంది. కట్టాను. కడుతుంటే చేతికి ఆ బరువు తెలిసింది.

నేను కొన్నది నిజానికి ఒక ప్రెస్సు. డెబ్బైల చివర్లో, మినియాపోలిస్‌లో. ఇంజినీరుగా ఉద్యోగం ఊడి ఇంట్లో కూర్చున్న రోజులు. తెనాలిలో మా నాన్నది కిరాణా కొట్టు, పెదనాన్నది బట్టల కొట్టు, మేనమామది ఇత్తడి సామాను కొట్టు. మా ఇళ్లల్లో పిల్లాడికి అక్షరాల కంటే ముందు తక్కెడ పట్టడం వస్తుంది. చర్చి కరపత్రాలు, పెళ్లి కార్డులు వేసుకునే చిన్న ప్రెస్సు చవగ్గా వస్తోందనేసరికి నా రక్తం ఉరకలేసింది. ఎందుకంత చవక అని అడిగాను. అమ్మేవాడు నిజాయితీపరుడు, వెనక గదిలోకి తీసుకెళ్లి చూపించాడు.

అక్కడ గదిలో సగం ఆక్రమించిన ఒక నల్లటి యంత్రం, దాని ముందు స్టూలు మీద టోపీ తియ్యని ఒక ముసలాయన.

"ఈయన వారం వారం నార్వే భాషలో పేపరు వేస్తాడు. ఆయన ఆపేదాకా యంత్రం తియ్యకూడదు. అదొక్కటే షరతు," అన్నాడు అమ్మేవాడు.

సంతలో ఎద్దుని చూసినట్టు ముసలాయన్ని ఎగాదిగా చూశాను. డెబ్బై దాటాయి. దగ్గు ఉంది. చేతులు సన్నగా వణుకుతున్నాయి. రెండేళ్లు, అని లోపల లెక్క వేసుకుని సంతకం పెట్టాను. ఆ దగ్గు పదేళ్లు దగ్గాడు.

యంత్రం గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఆ కాలానికే అది పాతది. ఊళ్లో మిగతావాళ్లంతా ఫొటోలతో అక్షరాలు దించే పద్ధతికి మారిపోయారు. ఇది మాత్రం మీటలు నొక్కుతుంటే కరిగిన సీసంలోంచి ఒక్కో లైనూ ఒక కడ్డీగా పోసి బయటికి నెట్టేది. ముసలాయన ఆ వేడి కడ్డీని, బాణలి లోంచి తీసిన గారెలా, ఒక అరచేతిలోంచి ఇంకో అరచేతిలోకి ఎగరేసుకుంటూ కిటికీ వెలుగులో తిరగేసి చదువుకునేవాడు. కడ్డీలు పేర్చి పేజీ కడితే దాన్ని మేటరు అంటాం. అచ్చు అయిపోయాక మేటరు కరిగించేస్తాం, ఆ సీసంతోనే వచ్చే వారం పేపరు. పొదుపైన పద్ధతి. మా నాన్న చూసి ఉంటే మెచ్చుకునేవాడు.

ముసలాయన మాత్రం ఒక పేజీ కరిగించనిచ్చేవాడు కాదు. అది చావుల పేజీ, పోయినవాళ్ల గురించి వేసేది.

నేను వచ్చిన మొదటి వారం ఆ మేటరుని పొయ్యి వైపు తీసుకెళ్తుంటే స్టూలు మీంచి లేచాడు. పరిగెత్తలేదు, అరవలేదు. నా మణికట్టు పట్టుకున్నాడు.

"వీళ్లని కాదు."

"ఎవర్ని?"

"వీళ్లని," అని మేటరు వైపు గడ్డంతో చూపించి, ఒక్కొక్క చావునీ విడిగా తీసి, దారంతో చుట్టి, గోడ అల్మరాలో పెట్టాడు. అక్కడ అప్పటికే అలాంటి కట్టలు వరసలు వరసలుగా ఉన్నాయి, మా మేనమామ కొట్టులో ఇత్తడి గ్లాసుల్లా.

"చూడండి, ఆ సీసం నా పెట్టుబడి," అన్నాను.

"నేను పోయాక అంతా కరిగించుకో."

"పోయాక అంటే ఎప్పుడు?"

"మర్చంట్‌వి నువ్వు. అంచనా వెయ్యి," అన్నాడు. నేను అప్పటికే వేసేశానని ఆయనకి తెలుసేమో అనిపించి పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తగ్గాను. ఆ రోజు నుంచి నా పేరు మర్చంట్. మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషులోనే. ఆయనదీ అద్దె ఇంగ్లీషే, నాదీ అద్దె ఇంగ్లీషే. నాకు గుర్తున్నది మాత్రం తెలుగులో గుర్తుంది.

కాఫీ తాగేటప్పుడు చక్కెర బిళ్ల ఒకటి ముందుపళ్ల మధ్య పెట్టుకుని, కాఫీ సాసర్లోకి ఒంపి, దాంట్లోంచి జుర్రేవాడు. మా నాన్న గల్లాపెట్టె దగ్గర టీ అలాగే తాగేవాడు, చక్కెర బిళ్ల ఒక్కటే తేడా. నాకు మొదట ఆయన మీద కలిగిన ఇష్టం అదే. ఇంకో అలవాటు, ఎవరు ఏ వస్తువు తెచ్చినా "మీ అమ్మ దీన్ని ఏమనేది?" అని అడగడం. మా ఆవిడ ఆస్పత్రి ల్యాబులో డ్యూటీ దిగి నా టిఫిను క్యారేజీ తెస్తే మూత తియ్యకముందే అడిగేవాడు. ఆవిడ "ఉప్మా" అంటే తృప్తి లేదు. "పుస్తకంలో మాట వద్దు. ఇంట్లో మాట." ఆవిడ కాసేపు ఆలోచించి, "ఉప్పిండి" అంది. అప్పుడు తల ఊపి మూత తియ్యనిచ్చాడు.

ఆయన గొడవంతా అదే. నార్వేలో రాసే భాషలు రెండట. ఒకటి ఒకప్పుడు వాళ్లని ఏలిన డెన్మార్క్ దొరల భాషలోంచి దిగినది, పట్నాలదీ ఆఫీసులదీ చర్చిదీ. రెండోది కొండల్లోనూ సముద్రపు పాయల పక్కనా ఉండే పల్లెజనం నోట ఆడే మాటల్ని పోగుచేసి కట్టుకున్నది. ఈయన రెండోదాని మనిషి. తమాషా ఏమిటంటే, ఆయన పాఠకులందరూ ఆ పల్లెల నుంచే వచ్చి ఇక్కడ దున్నుకుని బతికినవాళ్లు. వాళ్లకి మాత్రం పేపరు దొరల భాషలో కావాలి. మర్యాదగా ఉంటుందని.

మాకూ ఇలాంటి యుద్ధం జరిగిందని చెప్పాను. స్టూలు నా వైపు జరుపుకున్నాడు.

"ఎవరు గెలిచారు?"

"మాట్లాడే భాషే గెలిచింది."

"మరి మీ నాన్న ఉత్తరాలు ఏ భాషలో రాస్తాడు?"

నాకు నవ్వొచ్చింది. కొట్లో రోజంతా "ఒరే, ఆ కందిపప్పు డబ్బా ఇటు తగలెయ్యి" అని అరిచే మా నాన్న, కాగితం ముందు కూర్చుంటే "మేము ఇచ్చట క్షేమము, మీ క్షేమము తెలియజేయవలెను" అని రాసేవాడు. ఆ మాటే చెప్పాను. ముసలాయన నవ్వలేదు. "అదీ," అని మళ్లీ యంత్రం వైపు తిరిగాడు.

వారం వారం పేపరు చేరగానే ఒకావిడ ఫోను చేసేది. నార్వేలో బడిపంతులు కూతురట, అప్పటికే ఎనభై దగ్గరపడింది. ఆవిడ గొంతు రిసీవరు దాటి నా కటింగ్ మిషను దాకా వినపడేది. ఈయన రిసీవరు చెవికి జానెడు దూరంలో పట్టుకుని, మధ్యలో ఒకటీ అరా మాట్లాడి పెట్టేసేవాడు.

"ఏమంటుంది?"

"మా పాలేరులా రాస్తున్నావు, సిగ్గులేదా అంటుంది."

"మీరేమన్నారు?"

"ఆ పాలేరు పేరేమిటని అడిగాను."

"చెప్పిందా?"

"తెలియదట." మీటల వైపు తిరిగి, "అరవై ఏళ్లయింది కదా, ఆవిడా ఇక్కడికొచ్చి," అన్నాడు, ఆవిడ తరఫున.

తిట్టే ఆవిడ చందా మాత్రం ఆపలేదు. అందరూ చదివేది చావుల పేజీ. ఎవరైనా పోయారని తెలిస్తే ఈయన ఇంటికి ఫోను చేసి మొదట అడిగేది, "ఏ కమతం?" అని. నార్వేలో మనిషికి ఇంటిపేరు వాళ్ల పొలం పేరేనట, మన ఊరి పేర్లే ఇంటిపేర్లయినట్టు. ఇక్కడికొచ్చాక చాలామంది, ఈయనతో సహా, అది వదిలేసి తండ్రి పేరు తగిలించుకున్నారట. కమతం తెలిస్తే లోయ తెలుస్తుంది, లోయ తెలిస్తే ఆ మనిషి ఎలా మాట్లాడేవాడో తెలుస్తుంది. చావు ఆ యాసకి దగ్గరగా రాసేవాడు. దానికి ఒక నియమం ఉండేది, కట్ట కట్టేటప్పుడల్లా నాకు చెప్పేవాడు.

"పుట్టాడు, ఓడెక్కాడు, దున్నాడు, పోయాడు. ఇది ఎవరికైనా సరిపోతుంది మర్చంట్. ఒక్క లైను మాత్రం ఆ మనిషికి తప్ప ఇంకెవరికీ పట్టకూడదు. అది దొరికేదాకా నేను ఫోను పెట్టను."

దొరికిన ఆ ఒక్క లైనూ కడ్డీ మీద వేలు పెట్టి నాకు ఇంగ్లీషులో చెప్పేవాడు. గుర్రాల మీద బతికిన ఒకాయనకి: గుర్రాన్ని తిట్టాల్సి వస్తే ఇంగ్లీషులో తిట్టేవాడు, దానికి అర్థం కాకూడదని. ఒక జాలరికి: సముద్రం వదిలొచ్చాక ఈ రాష్ట్రంలోని చెరువుల్ని తడి అన్నాడే గాని నీళ్లు అనలేదు. ఒక ముసలమ్మకి: ఆమె రొట్టె అడ్డం పెట్టుకుని పేపరు చదవొచ్చు. అంటే అంత పల్చగా ఒత్తేదన్నమాట, మన పూతరేకుల్లాగా. నాకు భాష రాదు. కానీ ఆ కడ్డీలు అల్మరాలో ఎక్కడెక్కడున్నాయో, తిరగబడ్డ అక్షరాల్లో ఏది ఏదో, కొట్లో సరుకు తెలిసినట్టు తెలుస్తూ ఉండేది.

పాఠకులు ఒక్కొక్కరే ఆ పేజీలోకి వెళ్లిపోతున్నారు. ఎనిమిది పేజీల పేపరు ఆరయింది. పేపరుకి పెద్ద ప్రకటన ఇచ్చేది ఒక అంత్యక్రియల కంపెనీ. దాని ఓనరు ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, "చావుల పేజీ ఇంగ్లీషులో పెట్టమను. చదవాల్సింది కొడుకులు, వాళ్లకి ఈ భాష రాదు. పెట్టకపోతే ప్రకటన ఆపేస్తాను," అన్నాడు. న్యాయమైన మాటే. బేరం నాకు అప్పగించినందుకు గర్వంగా కూడా అనిపించింది. వెనక గదిలోకి వెళ్లి కూర్చున్నాను.

"ఒక్క పేజీ," అన్నాను.

"ఏ పేజీ?"

"చావులది. కొడుకులు, మనవలు చదువుకుంటారు."

"వాళ్లు నా పాఠకులు కాదు."

"మీ పాఠకులు పోతున్నారు కదండీ."

"అందుకే వాళ్లకి తెలిసిన భాషలో రాస్తున్నాను."

"పోయినవాళ్లు చందా కట్టరు."

"కట్టే పోయారు. మా వాళ్లు ముందే కడతారు."

దిగాను. సగం పేజీ అన్నాను. పావు అన్నాను. కనీసం పేరూ తేదీ అన్నాను. మా పెదనాన్న పట్టుచీర బేరంలో కూడా అంత దిగలేదు. ముసలాయన సాసర్లో కాఫీ పూర్తి చేసి అప్పుడు చెప్పాడు. కుర్రతనంలో అక్కడ రేవు పట్నంలో ఒక పేపర్లో పనిచేశాడట. ఒక పడవ మునిగింది. ఆ వార్త మునిగినవాళ్ల యాసలో రాసుకొచ్చాడు. ఓనరు మంచివాడే, "మిగతా పేజీలన్నీ నీ ఇష్టం, చావులు మాత్రం మర్యాద భాషలో రాయి," అన్నాడు.

"మీరేం చేశారు?"

"ఇక్కడున్నాను కదా," అన్నాడు.

ప్రకటన పోయింది. పేపరు నాలుగు పేజీలయింది. చావుల పేజీలో ఇంగ్లీషు ఉండదు అన్నది మా మధ్య తెగిన బేరం.

ఒక క్రిస్మస్‌కి చర్చి విందు నుంచి, సున్నపు నీళ్లలో నానేసి ఉడికించిన చేప, మాకోసం ఒక గిన్నెలో పట్టుకొచ్చాడు. మేం చేప తినమని పదేళ్లూ చెప్తూనే ఉన్నాం, పదేళ్లూ తెస్తూనే ఉన్నాడు. ఆ రోజు మా ఆవిడ ఎదురు ప్రశ్న వేసింది. "అందర్నీ ఏ కమతం అని అడుగుతారు. మీదే కమతం?"

ముసలాయన టోపీ సర్దుకున్నాడు. "అది రాసేవాడికి చెప్తాను."

"ఏం రాసేవాడికి?"

"నాది."

"ఎవరు రాస్తారు?"

"వెతుకుతున్నాను."

వెతికాడు కూడా. కాలేజీలో నార్వే భాష చదివే అమ్మాయి ఒకతె రెండుసార్లు వచ్చింది. చురుకైన పిల్ల. కానీ నేర్చుకున్నది పట్నం భాష. ఈయన ఆమెకి కాఫీ ఇచ్చి, పొలాల గురించి కబుర్లు చెప్పి, కారు దాకా వెళ్లి సాగనంపాడు. మూడోసారి ఆమె రాలేదు. ఉత్తరాలు కూడా రాశాడు, అక్కడికీ ఇక్కడికీ. జవాబులు మర్యాదగా వచ్చాయి.

ఆ క్రిస్మస్ రోజు ఆయన వెళ్లాక మా ఆవిడ నాతో, "నేనే రాస్తానని మీరు అనొచ్చుగా. కమతం పేరు చెప్పేవాడు," అంది.

"నాకు భాషెక్కడొచ్చు?"

"చదివేవాళ్లెక్కడున్నారు?" అంది ఆవిడ.

ఎనభైల చివర్లో ఒక చలికాలం, పేపరు అచ్చుకి వెళ్లాల్సిన రోజు, ముసలాయన రాలేదు. మూడు పేజీల మేటరు బల్ల మీద కట్టి సిద్ధంగా ఉంది. ఆయన గది అద్దెకున్న ఇంటావిడ ఫోను చేసింది. నిద్రలో పోయాడని చెప్పింది. సరే అన్నాను. ఫోను పెట్టేసి, చేతిలో ఉన్న చర్చి విందు టికెట్లకి చిల్లులు వెయ్యడం పూర్తి చేశాను. వరస తప్పకుండా వేశాను. ఆయన కోసం పెట్టిన కాఫీ మరిగి అడుగంటింది. వాసన వస్తే వెళ్లి ఆపాను. మా ఆవిడ వచ్చి నా మొహం చూసి, "ఏడవొచ్చు కదండీ," అంది. నాకు ఏమీ రాలేదు. ఆకలి కూడా వేసింది. తిన్నాను.

మర్నాడు పాస్టరుగారు ఒక కాగితం తెచ్చారు. చక్కగా టైపు చేసిన ఇంగ్లీషు. పుట్టాడు, వచ్చాడు, భాషకి సేవ చేశాడు, పోయాడు. "ఆ భాషలో రాయగలిగినవాళ్లు మా సంఘంలో ఇక ఎవరూ లేరు. ఏమీ అనుకోకండి," అన్నారు. కాగితం తీసుకుని థాంక్స్ చెప్పాను.

వెయ్యలేదు. ఎందుకని అడిగితే పెద్ద కారణం లేదు. ఆ పేజీలో ఇంగ్లీషు ఉండదని బేరం తెగింది. అవతలి పార్టీ పోయినంత మాత్రాన తెగిన బేరం మళ్లీ విప్పడం మా కొట్లలో లేదు.

అల్మరా తెరిచాను. దారాలు విప్పాను. మధ్యాహ్నమంతా చచ్చిపోయినవాళ్ల కట్టల్లోంచి ఒక్కో కడ్డీ తీసి ముసలాయన చావు కట్టాను. పేరు పేపరు మొదటి పేజీ తలకట్టులో ఉంది, దాన్ని తీసుకున్నాను. పుట్టాడు, ఓడెక్కాడు అనే లైన్లకి కొదవ లేదు. తరవాత గుర్రాన్ని ఇంగ్లీషులో తిట్టే లైను. తరవాత చెరువుల్ని తడి అనే లైను. చివరికి ఒక నేతగాడి కట్టలోంచి, 'ఎవరి మాటా మధ్యలో తుంచలేదు' అని ఆయన చెప్పిన లైను. కమతం పేరు రావాల్సిన చోట అక్షరాల్లేని ఖాళీ కడ్డీ ఒకటి పెట్టాను. ఆయన పెట్టుకున్న నియమం ప్రకారం అవేవీ ఇంకొకరికి పట్టకూడని లైన్లు. పట్టాయా లేదా అన్నది నాకు తెలియదు, చదవడం రాదు. వెడల్పు మాత్రం సరిపోయింది.

అచ్చు వేసి పోస్టు చేశాను.

పేపరు చేరిన రోజు ఫోను మోగింది. ఎత్తాను. అలవాటుగా నా చెయ్యి కూడా రిసీవరుని చెవికి జానెడు దూరంలో పట్టుకుంది.

"ఇది ఎవరు రాశారు?" అంది బడిపంతులుగారి కూతురు. ఇంగ్లీషులో. గొంతు మునుపటంత దూరం రావడం లేదు, రిసీవరు చెవికి ఆనించుకోవాల్సి వచ్చింది.

"ఆయనే రాశాడండీ. అన్నీ ఆయన రాసినవే. నేను పేర్చాను."

"అతను గుర్రాలు కాశాడా?"

"లేదు."

"అతని రొట్టె అడ్డం పెట్టుకుని పేపరు చదవొచ్చట."

నేను అల్మరా వైపు చూశాను. నేతగాడి కట్ట పక్కనే ముసలమ్మ కట్ట ఉండేది. విప్పినప్పుడు కడ్డీలు తారుమారయ్యాయి.

"క్షమించండి. వేరే ఆవిడ లైను పడింది. దిద్దుతాను."

"ఎక్కడ దిద్దుతావు? వచ్చే వారం పేపరు ఉందా?"

"లేదండీ."

అవతల గరగరమని శబ్దం వచ్చింది. నవ్వో, దగ్గో తెలియలేదు. "ఉంచు," అంది. "రొట్టె చెయ్యడం అతనికి వచ్చేమో, మనకేం తెలుసు." తరవాత పేపరు మడుస్తున్న చప్పుడు వినపడింది. పెట్టేస్తుందనుకున్నాను. అప్పుడు అడిగింది, "మరి నాది?"

నేను కొట్టువాణ్ణి. లేని సరుకు ఉందని చెప్పడం చిన్నప్పటి నుంచి వచ్చు. "లైన్లు చాలా ఉన్నాయండీ," అన్నాను.

"పాలేరు యాసలోనా?"

"అవే ఉన్నాయి."

"సరే," అంది. "తొందరేం లేదులే."

ఆవిడ కోసం యంత్రాన్ని, అల్మరాని ఇంకో ఏడాదిన్నర ఉంచాను. ఆవిడ పోయినప్పుడు కొడుకులు వేరే ఊళ్లో చావు కార్డు ఇంగ్లీషులో వేయించుకున్నారు. మంచి కార్డు, అంచుకి బంగారు రంగు. నాకూ ఒకటి పంపించారు.

చివరి బిల్లు ఇదీ. రెండేళ్లని వేసిన చోట పదేళ్లు, దాని మీద ఏడాదిన్నర. యంత్రం తుక్కు కింద పోయింది. కట్టలు విప్పి సీసం తూకానికి ఇచ్చేశాను, కరిగించుకోమన్నది ఆయనే. వచ్చిన డబ్బు అన్నేళ్లూ ఆ గది ఎవరికైనా ఇచ్చి ఉంటే వచ్చే అద్దెకి కూడా చాలదు. కరగనివ్వకుండా ఉంచుకున్నది ఒక్క కట్ట, ముసలాయన చావుది, ఆ గరాజ్ తలుపు దగ్గరది. అందులో గుర్రాలాయన దగ్గర తెచ్చిన లైను ఒకటి, జాలరి దగ్గర ఒకటి, రొట్టెల ముసలమ్మ దగ్గర పొరపాటున ఒకటి. తిరిగి ఇచ్చే దారి లేదు. పుట్టడం, ఓడెక్కడం ఎవరివో గుర్తు పెట్టుకోలేదు. కమతం పేరు దగ్గర ఖాళీ కడ్డీ ఒకటి. అదొక్కటే ఎవరి దగ్గరా తేనిది, ఆయన సొంతం. నిన్న దారం మారుస్తూ దాన్ని విడిగా తీసి మా ఆవిడ వంటింటి త్రాసులో పెట్టి చూశాను. అక్షరాలున్నదానికీ లేనిదానికీ బరువులో తేడా దాదాపు లేదు.